డప్పు కాచే మంట

జూన్‌లో తొలి వాన పడిన మర్నాడు ఫోనొచ్చింది. "మీ వీణలో నీళ్లు నిలిచాయండీ. వచ్చి వంచి పోతారా, లేక మా అమ్మాయిని చేపపిల్లల్ని వదలమంటారా?"

ఆ వెటకారానికి నేను అర్హుణ్ణే. నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే రేకు వీణ కుండలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు. వాటి మీద తేలుతూ రెక్కలూడిన ఉసిళ్లు. అడుగున ఆరిపోయిన ఎల్‌ఈడీ పలక. మూత చుట్టూ నేనే కూర్చుని పూసిన సిలికాన్ మాత్రం ఎక్కడా చెక్కుచెదరలేదు. నీళ్లు లోపలికి రాకుండా ఆపలేకపోయింది గానీ, వచ్చిన నీళ్లు బయటికి పోకుండా భేషుగ్గా కాపాడింది.

మా షెడ్డు కర్దనూర్‌లో. పటాన్‌చెరు మండలం తెలిసినవాళ్లకు ఈ ఊరి ఇప్పటి రూపం వేరే చెప్పనక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక పొలాల మధ్య వెంచర్ బోర్డులు మొలిచాయి, బోర్డుల వెనక విల్లాలు లేచాయి. బీహెచ్‌ఈఎల్, బీడీఎల్ లాంటి పెద్ద చెట్ల నీడలో పుట్టిన చిన్న షెడ్లు ఈ బెల్టు నిండా ఉంటాయి, మాదీ అలాంటిదే. రెండు వెల్డింగ్ సెట్లు, ఒక బెండింగ్ మెషిను, ఒక ముసలి లేతు. పదిహేనేళ్లు కరెంటు ప్యానెల్ బాక్సులు, కేబుల్ ట్రేలు చేశాం. ప్యానెల్ బాక్సును చూసి ఎవరూ మురిసిపోరు, ఎవరూ తిట్టరు. కొలత సరిపోతే తీసుకుంటారు, లేకపోతే వెనక్కి పంపుతారు. ఆ హాయి పోయింది, విల్లాల గేట్లకు లైట్లు చేయడం మొదలుపెట్టాక.

ఫోను చేసిన ఆ ఇంటాయన కూతురు వీణ నేర్చుకుంటోంది. గేటుకు రెండు వైపులా వీణ ఆకారంలో లైట్లు కావాలన్నాడు. నేను గూగుల్‌లో వీణ బొమ్మ వెతికి, అంచులు గీసి, రెండు మిల్లీమీటర్ల రేకు మీద లేజరుతో కోయించాను. కుండను బాలానగర్‌లో స్పిన్నింగ్ చేయించాను. యాళి ముఖం పెట్టాను, బిరడలు పెట్టాను, బంగారు రంగు పౌడర్ కోటింగ్ వేయించాను. ఫొటో తీస్తే అచ్చం వీణ. వాట్సాప్‌లో పెడితే వంద చప్పట్లు. వాన మాత్రం చప్పట్లు కొట్టలేదు.

ఏం జరిగిందో చెబుతాను. ఈ అధ్యాయంలో మిగతాదంతా ఇందులోంచే వస్తుంది. లైటు వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది. ఏ సన్నని సందు దొరికినా కాస్త బయటికి పోతుంది. వాన పడి రేకు చల్లబడగానే లోపలున్న గాలి ముడుచుకుంటుంది, అప్పుడు పెట్టె ఊపిరి లోపలికి పీల్చుకుంటుంది. నేను వైరును పైనుంచి, అందంగా ఉంటుందని బిరడ చాటునుంచి దింపాను. వైరు వెంట జారిన వాన నీరు, వైరు లోపలికి దూరే గ్లాండు దగ్గర సిద్ధంగా ఉంది. పెట్టె పీల్చింది, నీరు వెళ్లింది. రోజూ కాస్త, రోజూ కాస్త.

ఇక్కడొక సంగతి నన్ను ఇప్పటికీ సిగ్గుపడేలా చేస్తుంది. అసలు వీణ కుండ మీది పలకకు సన్నని రంధ్రాలుంటాయి, గుర్రానికి, అంటే తీగలు ఆనే వంతెనకు, చెరో పక్క, పువ్వులా గుండ్రంగా. లోపలి గాలి ఆడటానికి. నేను ఆ రంధ్రాలను కూడా వదల్లేదు, లేజరుతో చుక్క చుక్కగా చెక్కించాను. ఆ తర్వాత పురుగులు పోతాయని వెనకనుంచి ప్లాస్టిక్ షీటు అంటించి మూసేశాను. జవాబు నా చేతుల్లోనే ఉంది, దాన్ని నగిషీ అనుకున్నాను.

దాన్ని సరిచేయడం ఎంత తేలికో చూడండి. వైరును కిందినుంచి తెచ్చి, గ్లాండుకు ముందు ఒక వంపు కిందికి వేలాడేలా తిప్పాలి. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, చూరు చివర రాలినట్టు. కుండ అట్టడుగున ఐదు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి. ఎల్‌ఈడీకి కరెంటు ఇచ్చే డ్రైవరును మాత్రం విడిగా బిగుతు పెట్టెలో పెట్టి, ఆ పెట్టెకు గాలిని పోనిచ్చి నీటిని ఆపే చిన్న బ్రీదర్ బిగించాలి. అంతే. పెద్ద పెట్టెను ఊపిరాడకుండా చేయడం కంటే చిన్న పెట్టెను బాగా కాపాడటం నయం.

మీరు లైట్లు చేసేవారు కాకపోవచ్చు. శుభలేఖలు వేసేవారో, చీరల మీద డిజైన్లు గీసేవారో, పిల్లలకు పాఠం కొత్తగా చెప్పాలని తంటాలు పడే టీచరో కావచ్చు. ఎక్కడినుంచో ప్రేరణ తెచ్చుకునే పని మనందరికీ ఉంది. అప్పుడు చేతికి ముందుగా అందేది పోలిక. చూడగానే తెలిసిపోతుంది, ఫొటోలో పడుతుంది, కస్టమర్‌కు వెంటనే నచ్చుతుంది. ఆ వస్తువు రోజంతా ఏం చేస్తోంది, దేన్ని మోస్తోంది, దేన్ని వదులుతోంది అనేది రెండో చూపుకు గానీ అందదు. ఆ రెండో చూపును అలవాటు చేసుకోవడమే ఇక్కడ మన పని.

పోలికే చాలిన చోట్లు లేకపోలేదు. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను ఒకే ముక్కగా తొలిచి వీణ చేస్తారు. కుండ, దండి, మెడ అన్నీ ఒకే కర్రలోంచి. భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న పని అది. అదే చేతులు జానెడు బుల్లి వీణలు కూడా చేస్తాయి, సభల్లో జ్ఞాపికగా ఇవ్వడానికి. ఆ బుల్లి వీణ పలకదు, పలకాలని ఎవరూ అడగరు. అయోధ్యలో లతా మంగేష్కర్ పేరిట ఉన్న కూడలిలో 2022లో శిల్పి రామ్ సుతార్ చేసిన వీణను నిలబెట్టారు. నలభై అడుగులు, పద్నాలుగు టన్నులు. అదీ పలకదు. జ్ఞాపికకూ విగ్రహానికీ గుర్తుచేయడమే పని, పోలికతో సరిపోతుంది. గేటు దగ్గరి దీపం అలా కాదు. రాత్రి పదకొండింటికి తాళంచెవి కన్నం కనిపించాలి, మెట్టు కనిపించాలి, వచ్చినవాడి మొహం కనిపించాలి. వానలో తడవాలి, మే నెల ఎండలో కాలాలి. పని ఉన్న వస్తువుకు పోలిక ఒక్కటే ఇచ్చి పంపితే, నా వీణలా తిరిగొస్తుంది.

బ్రిటన్ డిజైనర్ టామ్ డిక్సన్ 'బీట్' అనే పేరుతో ఇత్తడి దీపాలు చేయించాడు. మన దేశంలో నెత్తిన మోసే బిందెల్లోంచి తీసుకున్న ఆకారాలవి. కొట్టేది మొరాదాబాద్ కంచరివాళ్లు. బిందె ఆకారం దీపానికి ఎందుకు కుదిరిందో ఆలోచిస్తే తెలుస్తుంది. బయట నల్లగా ఉంచి లోపలి ఇత్తడిని సుత్తి దెబ్బలతో అలాగే వదిలేశారు. ప్రతి సుత్తి గుంటా వెలుగును ఒక్కో వైపు చెదరగొడుతుంది. బిందెకు ఆ గుంటలు తయారీలో పడిన మచ్చలు, దీపానికి అవే పని. మనకు జనగామ దగ్గర పెంబర్తి ఉంది, ఇత్తడి రేకును సుత్తితో పలికించే ఊరు. పటాన్‌చెరు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే అక్కడ ఉండొచ్చు. నేను ఎన్నాళ్లకు వెళ్లానో అడక్కండి.

వీణ తిరిగొచ్చాక ఒక అలవాటు పెట్టుకున్నాను. ఏ వస్తువును చూసి పని మొదలుపెట్టాలనుకున్నా, మొదటి గంట ఫోను జేబులోంచి తీయను. ఒక కాగితం మీద ఆ వస్తువు గురించి క్రియాపదాలు మాత్రమే రాస్తాను. నామవాచకం రాస్తే కొట్టేస్తాను. 'కుండ', 'యాళి', 'బంగారు రంగు' రాయడానికి వీల్లేదు. 'ఆనుకుంటుంది', 'ఒదుగుతుంది', 'బిగుస్తుంది', 'కుడి చేతి కింద వణుకుతుంది', 'తొడ మీద బరువు దించుకుంటుంది' అని రాయాలి. మొదటి పది నిమిషాల్లో నాలుగు మాటలు వస్తాయి, ఆ తర్వాత అరగంట ఏమీ రావు. చిరాకేస్తుంది. ఆ చిరాకులో కూర్చోండి, పనికొచ్చే మాట దాదాపు ఎప్పుడూ ఆ తర్వాతే వస్తుంది.

సన్నాయి మీద ఇలా కూర్చున్నప్పుడు నాకు దొరికిన మాట 'గొంతులో పుట్టి నోట్లో విచ్చుకుంటుంది'. చప్పుడు పుట్టేది పైన పీక దగ్గర, కింద గిన్నె దాన్ని విప్పుతుంది. మనం గేటు లైట్లలో బల్బును గిన్నె అంచు దాకా తెచ్చి పెడతాం, అందుకే కళ్లలో కొడుతుంది. దాన్ని గొంతులోకి తోసేయండి. గిన్నె నోటి వెడల్పు ఎంతో అంత లోతున ఎల్‌ఈడీ పెడితే, వెలుగు సుమారు 53 డిగ్రీల శంకువులో మాత్రమే దిగుతుంది, పక్కనుంచి వచ్చేవాడికి బల్బు కనపడదు. ఎల్‌ఈడీ నేలకు ఏడడుగుల ఎత్తున ఉంటే కింద దాదాపు ఏడడుగుల వెడల్పున గుండ్రంగా పడుతుంది. గేటు ముందు మనిషి నిలబడి తాళం తీయడానికి అది సరిపోతుంది. పైన సన్నాయిలా నగిషీ పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

వీణ మెట్ల సంగతి ఇంకా సరదా. మెట్లు సమాన దూరంలో ఉండవు, పైస్థాయికి పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఒక స్థాయికి పన్నెండు మెట్లు, ప్రతి సందూ ముందుదాన్ని ఇంచుమించు 1.06తో భాగించినంత. పన్నెండో మెట్టు దగ్గర తీగ సగమవుతుంది. వీణ చేసేవాళ్లు ఈ లెక్క రాసుకోరు, తేనెమైనంలో మెట్టు నిలిపి చెవితో జరుపుతారు. ఒకరి ఇంట్లో గేటు నుంచి గుమ్మం దాకా ముప్పై అడుగుల దారికి పన్నెండు చిన్న స్తంభాల లైట్లు అడిగారు. మామూలుగా అయితే రెండున్నర అడుగులకొకటి పెట్టేసి వచ్చేవాణ్ణి. ఈసారి మెట్ల లెక్క వేశాను. గేటు నుంచి మొదటి లైటు 3 అడుగుల 4 అంగుళాలు, ఆ తర్వాతివి కొంచెం కొంచెంగా దగ్గరవుతూ చివరి సందు 1 అడుగు 9 అంగుళాలు. నడుస్తుంటే ఇల్లు మనల్ని లాక్కున్నట్టుంటుంది. గుమ్మం దగ్గర, మెట్లు ఎక్కాల్సిన చోట, వెలుగు చిక్కబడుతుంది. ఆ ఇంట్లో ఎవరికీ అది వీణ అని తెలియదు. నేనూ చెప్పలేదు. చెబితే యాళి ముఖం పెట్టమంటారని భయం.

పన్నెండు మెట్లంటే తెలంగాణలో ముందు గుర్తుకొచ్చేది కిన్నెర. దాన్ని వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక పట్నంలో చాలామందికి ఆ వాద్యం పేరు తెలిసింది. దాని సొరకాయ బుర్రల మీద నేనింకా క్రియాపదాలు రాయలేదు. రాశాక చెబుతాను.

డప్పు దగ్గర మాత్రం నేను ఎక్కువసేపు ఆగాలి.

వీణ ఇంటాయన పెద్దమనిషి. డబ్బు వెనక్కి అడగలేదు, "వీణ వద్దులెండి, మన తెలంగాణది ఏదైనా పెట్టండి, డప్పు" అన్నాడు. నాలుగు డప్పు లైట్లు, గేటు స్తంభాలకు రెండు వైపులా. నేను ఈసారి తెలివైనవాణ్ణి అయ్యాననుకున్నాను. పదహారంగుళాల రింగు చుట్టించి, ముందు వైపు మూడు మిల్లీమీటర్ల పాల రంగు పాలీకార్బొనేట్ పలక పెట్టి, వెనక ఎల్‌ఈడీలు బిగించాను. అడుగున రంధ్రం కూడా మర్చిపోలేదు. షెడ్డులో వెలిగించాను. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియలేదు.

మా ఊళ్లో బోనాలకూ పెళ్లికీ చావుకూ డప్పు కొట్టే తాత ఒకాయన ఉన్నాడు. పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు, దగ్గరికెళ్లి వేలి కొసతో తట్టాడు.

"ఇది డప్పు గాదు సారూ. రొట్టెల పెంక లెక్కున్నది."

"అదేంది తాతా, కొలత సరిగ్గా మీ డప్పు కొలతే."

"కొలత అదే గని... నువ్వు డప్పును ముంగటికెల్లి జూసినవు. ముంగట సప్పుడుంటది. ఎల్తురు ఎన్కకుంటది." కాస్త ఆగి, "సూడనీకె పొద్దుమీకినంక రా" అన్నాడు.

సాయంత్రం వెళ్లాను. ఆయన గుడిసె ముందు వరిగడ్డి, పాత కాగితాలు పోగేసి అంటించాడు. తోలు మెత్తబడితే డప్పు మూగబోతుంది, అందుకని కొట్టే ముందు మంట దగ్గర కాచుతారు. ఇది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఎన్ని ఊరేగింపుల ముందు చూశానో. కానీ ఎప్పుడూ మంటకు అటువైపు నిలబడి చూశాను. ఆ రోజు ఆయన నన్ను తన వెనక, భుజం పక్కన నిలబెట్టుకున్నాడు.

డప్పుకు తోలు ముఖం మంట వైపు ఉంది. నాకు కనిపించేది దాని వీపు, తెరిచిన వైపు. ముందుగా నల్లటి కర్ర చట్రం, దాని లోపలి అంచు మీద సన్నని ఎర్ర గీత. ఇంకా లోపల, నాలుగు వేళ్ల లోతున, తోలు వెలుగుతోంది. మధ్యలో తేనె రంగు, అంచులకు పోయేకొద్దీ గోధుమ, చట్రం దగ్గర దాదాపు నలుపు. రావి ఆకును ఎండకు పట్టినట్టు తోలులో నరాలు కనిపించాయి. లాగి కట్టిన వార్లు దాని మీద నల్లటి గీతలు. తాత డప్పును మెల్లగా తిప్పుతున్నాడు, మధ్యమధ్య వేళ్లతో తట్టి వింటున్నాడు. మంట పైకి లేచినప్పుడల్లా ఆ వేళ్ల నీడ తోలు మీద పెరిగి, చిన్నదయ్యేది. మొదట్లో బద్దకంగా 'దబ్బు'మన్న చప్పుడు, పది నిమిషాలకు 'టంగు'మంది. ఆయన తల ఊపాడు. మంట నా కళ్లలో ఒక్కసారి కూడా కొట్టలేదు. మంటకూ నాకూ మధ్య తోలు అడ్డం, పక్కలకు చట్రం అడ్డం.

నేను రాసుకున్న కాగితంలో 'మోగుతుంది', 'వేలాడుతుంది', 'దడదడలాడుతుంది' ఉన్నాయి. 'కాగుతుంది' లేదు. డప్పు రోజులో మొదట చేసే పని అదే.

ఇలాంటి తోలు వెలుగునే మన వాళ్లు వందల ఏళ్లుగా వాడుకున్నారు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపడ్డ ఊరు. మేక తోలును శుభ్రం చేసి, వెలుగు దూరేంత పలచగా చేసి, రంగులు వేసి, తెర వెనక దీపం పెట్టి ఆడించేవారు. ఆట చూసేవాళ్లు తగ్గాక అదే తోలుతో దీపాల తొడుగులు, అంటే ల్యాంప్ షేడ్లు చేయడం మొదలుపెట్టారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ ఊరివాళ్లు బొమ్మ ఆకారాన్ని ప్లాస్టిక్ మీద అచ్చు వేయలేదు. తోలుబొమ్మ చేసే పని ఏమిటి? వెనక దీపాన్ని ముందుకు రంగుగా పంపడం. ఆ పనినే గదిలోకి తెచ్చారు. అయితే అవి ఇంటి లోపలి దీపాలు. బయట పెడితే మన వానకు ఒక్క సీజన్‌లో తోలు సాగి, బూజు పట్టి, కుక్కలు కూడా ఒక చూపు చూస్తాయి. ఆరుబయటికి వచ్చేటప్పుడు పదార్థాన్ని వదిలేయక తప్పదు, పనిని మాత్రం వదలకూడదు.

తాత దగ్గరినుంచి వచ్చి ఆ రాత్రే డ్రాయింగ్ తిప్పేశాను. పాల రంగు పలక ఇప్పుడు గోడ వైపు ఉంటుంది. గోడకూ పలకకూ మధ్య పలచటి బిగుతు పెట్టెలో ఎల్‌ఈడీలు. మనకు కనిపించేది రింగు లోతు, దాని అడుగున వెలిగే పలక. పలక మధ్యలో వెలుగు ఎక్కువ, అంచులకు తక్కువ వచ్చేలా ఎల్‌ఈడీలను మధ్యకు జరిపాను. గదుల సీలింగుకు పెట్టే ప్యానెల్ లైటులో ఇది తప్పు, ఇక్కడ ఇదే ఒప్పు. రింగు మూడున్నర అంగుళాల లోతు, పక్కనుంచి వచ్చేవాడి కంటికి పలక ఎక్కువగా తగలదు. వార్ల బదులు సన్నని ఉక్కు తీగలు దాటించాను. అవి అలంకారమే, ఒప్పుకుంటాను. రింగు అడుగున నీరు నిలుస్తుంది కాబట్టి ఆరు గంటల ముల్లు దగ్గర రంధ్రం, మొత్తం దీపాన్ని రవ్వంత ముందుకు వంచి బిగించడం. ఆ రంధ్రంలోకి బల్లి దూరుతుందా అని మా వెల్డర్ అడిగాడు. దూరుతుంది. దూరనీ.

మిగతా సాంకేతిక విషయాలు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇవి అడిగితే ఎవరైనా చెబుతారు. పెట్టె మీద ఐపీ 65 అని ఉంటే, 6 అంటే దుమ్ము చొరదు, 5 అంటే పైపుతో నీళ్లు కొట్టినా తట్టుకుంటుంది అని. ఆ పెట్టెకు మీరు ఇంటి దగ్గర ఇంకో రంధ్రం వేసిన క్షణం ఆ అంకెలకు అర్థం పోతుంది. పౌడర్ కోటింగ్ అరవై నుంచి ఎనభై మైక్రాన్లు ఉండాలి, రంధ్రాలన్నీ కోటింగ్‌కు ముందే వేయాలి. మా దగ్గర ఇది మరీ ముఖ్యం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితా వేసినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం అందులో ఉంది, ఆ గాలికి రేకు ఎలా పొక్కులు లేస్తుందో నేను చూశాను. రంగు సంగతి: 6,500 కెల్విన్ తెల్ల వెలుగులో నీలం ఎక్కువ, పురుగులు అటు వస్తాయి. పక్కనే పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ పొలాల్లో పురుగుల రాకను లెక్కపెట్టడానికి రాత్రిళ్లు దీపపు ఉచ్చులు పెడతారు. మనం గేటు మీద తెల్ల లైటు పెట్టి అదే ఉచ్చును ఉచితంగా నడుపుతాం. 2,700 కెల్విన్ పెట్టండి, ఉసిళ్లు పూర్తిగా మానవు గానీ తగ్గుతాయి. మంట రంగుకు దగ్గర కూడా అదే.

ఇంకొకటి ఉంది, అది అడిగినా ఎవరూ చెప్పరు. ఆ రాత్రి తాతకు ఒక రోజు కూలి ఇచ్చి లేవబోయాను. నా దృష్టిలో అది ఉదారమే. ఆయన నోటు మడిచి జేబులో పెట్టుకుని, నవ్వుతూనే అన్నాడు: "మా డప్పు ఆళ్ల గేటెక్కుతున్నది సారూ. మమ్ముల గేటు దాటనిస్తరా మరి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఉందని నటించను. డప్పు చావు దగ్గరా ఊరేగింపు ముందరా ఎవరి చేతుల్లో ఉందో, ఎవరి గడప బయట ఆగిందో మనందరికీ తెలుసు. దాన్ని గోడకు నగలా తగిలించుకునేటప్పుడు ఆ సంగతి మర్చిపోవడం చాలా సులువు. నేను చేయగలిగింది చిన్నది. ఆ డిజైన్ తప్పును పట్టుకుని సరిచేసింది ఆయన కాబట్టి, డిజైనర్‌కు ఇచ్చే డబ్బు ఆయనదే. కూలి కాదు, ఆ నమూనాలో చేసే ప్రతి జతకూ ఇంత అని. పుస్తకంలో రాసుకున్నాం, ఇస్తున్నాను. మీరు ఎవరి దగ్గరైనా కూర్చుని ఏదైనా నేర్చుకుంటే, పని మొదలుపెట్టే ముందే ఈ లెక్క తేల్చుకోండి. లాభం వచ్చాక తేల్చుకోవడం కష్టం, మనసు కుదించుకుపోతుంది.

నాలుగు దీపాలూ బిగించిన రోజు తాతను బండి మీద ఎక్కించుకుని వెళ్లాను. లోపలికి వెళ్లాల్సిన పని పడలేదు, దీపాలు గేటు బయటే ఉన్నాయి. రోడ్డు మీద నిలబడి చూశాడు. "గిప్పుడు కాగుతున్నది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. బీడీ ముట్టించుకున్నాడు.

రెండు రోజులకు ఇంటాయన ఫోను. "ఏవండీ, డప్పుల్ని ఉల్టా బిగించారేంటి? మా మామగారు వచ్చి, ఇది వెనక వైపు కదా అంటున్నారు."

మంట, తాత, వీపు అంతా వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు, మూడింటిని అలాగే ఉంచుకున్నాడు. నాలుగోదాన్ని మాత్రం తిప్పించుకున్నాడు, మామగారి పట్టుదల. కుర్రాణ్ణి పంపి ముందువైపు పెట్టించాను. అది ఇప్పటికీ రొట్టెల పెంకలాగే వెలుగుతోంది.

మొన్న రాత్రి అటుగా వెళ్తూ చూశాను. వాచ్‌మన్ తన ప్లాస్టిక్ కుర్చీని ఆ నాలుగో దీపం కిందినుంచి ఈడ్చుకొచ్చి, గేటుకు ఇవతల, రెండు వీపుల మధ్య వేసుకుని కూర్చున్నాడు. కాళ్లు చాపి, ఫోనులో ఏదో పాట పెట్టుకుని.